దాహమే ఆమె ప్రార్థన

మిట్టమధ్యాహ్నం. ఊరిబయట బావి. నడిచి నడిచి అలిసిపోయిన ఒక బాటసారి ఆ బావి దగ్గర కూర్చుని, కడవతో వచ్చిన ఒకావిడను కాసిని మంచినీళ్లు అడిగాడు. ఆవిడ తెల్లబోయింది. ఎందుకంటే ఆవిడది సమరయ జాతి. యూదులు వాళ్లతో పొత్తు పెట్టుకోరు. అడిగిన మనిషేమో యూదుడు! మాటల్లో మాటగా ఆయన, తాను ఇచ్చే నీళ్లు తాగినవాళ్లకు ఇక దాహమే ఉండదని చెప్పాడు. అయితే ఆ నీళ్లేవో తనకూ ఇమ్మంది ఆవిడ. ఆ బాటసారి యేసు. బైబిల్లో యోహాను సువార్త నాలుగో అధ్యాయంలో ఉంది ఈ కథ.

స్పెయిన్ దేశంలో ఒక చిన్నపిల్లకు ఈ కథంటే ప్రాణం. ఆ బావి బొమ్మ ఎప్పుడూ తన దగ్గర ఉండాల్సిందే. దాన్ని చూస్తూ, ఆ నీళ్లు తనకూ కావాలని అడిగేది. పెద్దయ్యాక కూడా అడగడం మానలేదు. ఆ పిల్లే అవిలా తెరేసా.

తెరేసా అనగానే మనలో చాలామందికి కలకత్తా మదర్ తెరెసా గుర్తొస్తారు. క్రైస్తవుల ఇళ్లలో గులాబీపూలు పట్టుకున్న చిన్న తెరేసమ్మ పటం కూడా చూస్తుంటాం. ఆవిడ ఫ్రాన్సులోని లిసియో పట్నపు మఠకన్య. 24 ఏళ్లకే, 1897లో కన్నుమూసింది. మదర్ తెరెసా తన పేరు పెట్టుకున్నది ఆ చిన్న తెరేసమ్మను తలచుకునే. ఆ చిన్న తెరేసమ్మ చేరిన మఠమేమో, నేనిప్పుడు చెప్పబోయే పెద్ద తెరేసా మొదలుపెట్టిన శాఖలోది. ముగ్గురు తెరేసాలకూ అలా చుట్టరికం కలుస్తుందన్నమాట.

పరువు గల ఇల్లు

1515 మార్చి 28న అవిలా పట్నంలో పుట్టింది తెరేసా. మన దగ్గర శ్రీకృష్ణదేవరాయలు కొండవీటి కోటను పట్టుకున్న సంవత్సరం అది. అవిలా చుట్టూ రాతి కోటగోడ. ఇప్పటికీ చెక్కుచెదరకుండా నిలిచి ఉంది. తండ్రి అలోన్సో. తల్లి బెయాత్రిస్ ఆయనకు రెండో భార్య. ఇద్దరు భార్యల సంతానమూ కలిపి ఆడపిల్లలు ముగ్గురు, మగపిల్లలు తొమ్మిదిమంది. ఇల్లంతా సందడే!

ఆ సందడి కింద ఒక రహస్యం దాగి ఉంది. తెరేసా తాతగారు యూదు వంశం నుంచి క్రైస్తవంలోకి వచ్చిన వ్యాపారి. పైకి క్రైస్తవుడిగా ఉంటూ ఇంట్లో పాత ఆచారాలు పాటిస్తున్నాడని 1485లో టొలెడో నగరంలో ఇంక్విజిషన్ అనే మత విచారణ సభ ఆయనకు శిక్ష వేసింది. అవమానానికి గుర్తుగా ప్రత్యేకమైన అంగీ తొడిగి, ఏడు శుక్రవారాలపాటు చర్చి నుంచి చర్చికి ఊరేగించారు. ఆ తర్వాత ఆ కుటుంబం ఊరు మారి అవిలా చేరింది. కొడుకులు కోర్టుకెళ్లి మరీ తాము పెద్దింటివాళ్లమని తీర్పు తెచ్చుకున్నారు. ఈ సంగతులన్నీ 1940ల్లో పాత దావా కాగితాలు బయటపడ్డాకే లోకానికి తెలిశాయి. తెరేసా తన పుస్తకాల్లో ఎక్కడా ఒక్క ముక్క రాయలేదు.

పరువు! ఆ రోజుల్లో స్పెయిన్‌లో అన్నిటికన్నా పెద్ద మాట అది. ఎవరి వంశం ఎలాంటిది, ఎవరిని ఏమని పిలవాలి, ఎవరు ముందు కూర్చోవాలి... దీనికోసం కత్తులు దూసుకునేవాళ్లు. నలుగురూ ఏమనుకుంటారోనన్న భయం మనకేమీ కొత్త కాదు కదా! తెరేసా జీవితం చదువుతుంటే, ఆవిడ దేవుడిని వెతకడమూ, ఈ పరువు భయం నుంచి బయటపడటమూ ఒకే దారిలో సాగినట్టు నాకనిపిస్తుంది.

ఏడేళ్లప్పుడే ఆవిడకు దేవుణ్ణి చూడాలన్న తొందర పట్టుకుంది. విశ్వాసం కోసం ప్రాణాలిచ్చినవాళ్లు నేరుగా స్వర్గానికి పోతారని విని, అన్న రోడ్రిగోను వెంటబెట్టుకుని ముస్లింల రాజ్యానికి బయల్దేరింది. అక్కడైతే తమ తల నరుకుతారని ఆశ! ఊరు దాటుతుండగానే బాబాయి ఎదురై ఇద్దరినీ ఇంటికి లాక్కొచ్చాడు. ఆ తర్వాత ఇద్దరూ పెరట్లో రాళ్లు పేర్చి ముని ఆశ్రమాలు కట్టే ఆట మొదలుపెట్టారు. పేర్చిన రాళ్లు పేర్చినట్టే కూలిపోయేవి.

తల్లికి వీరుల సాహసకథలంటే ఇష్టం. భర్తకు తెలియకుండా చదివేది. తెరేసాకూ ఆ పిచ్చి అంటింది. ఆ తల్లి ఎప్పుడూ ఏదో ఒక జబ్బుతోనే ఉండేది. 33 ఏళ్లకే చనిపోయింది. అప్పటికి తెరేసాకు పన్నెండో పదమూడో. ఏడ్చుకుంటూ వెళ్లి మరియమ్మ స్వరూపం ముందు మోకరించి, ఇక నువ్వే మా అమ్మవి అని దణ్ణం పెట్టుకుంది.

తల్లిలేని పిల్ల. వయసొచ్చింది. అందగత్తె. మంచి బట్టలు, అత్తర్లు, చేతులకూ జుట్టుకూ సింగారాలు. చుట్టాలబ్బాయిలతో కబుర్లు. తండ్రికి భయం పట్టుకుని 1531లో ఒక మఠంలో ఉంచాడు. అక్కడ ఏడాదిన్నర ఉండి జబ్బుపడి ఇంటికొచ్చింది. మఠంలో చేరాలా, పెళ్లి చేసుకోవాలా? మఠమంటే మొదట్లో అస్సలు ఇష్టం లేదు. పెళ్లన్నా భయమే. తల్లి బతుకు కళ్లారా చూసిన పిల్లకు ఆ భయం కలగడంలో వింతేముంది? చివరికి మఠమే మేలనుకుంది. తండ్రి ఒప్పుకోలేదు. 1535 నవంబరు 2 తెల్లవారుజామున, 20 ఏళ్ల తెరేసా చెప్పకుండా ఇల్లు వదిలి అవిలాలోని ఇన్‌కార్నేషన్ మఠానికి వెళ్లిపోయింది. తండ్రిని వదిలి వెళుతుంటే ఒంట్లో ఎముకలన్నీ విడిపోతున్నట్టు ఉందని తర్వాత రాసుకుంది. దేవుడి మీద ప్రేమకన్నా నరకమంటే భయమే తనను అటు నడిపించిందని కూడా దాచకుండా చెప్పింది.

కళ్లమీద మైనం

మఠంలో చేరిన కొన్నాళ్లకే ఒళ్లు పాడయింది. మూర్ఛలు, గుండెనొప్పి, జ్వరం. డాక్టర్ల వల్ల కాలేదని, దూరాన ఒక పల్లెలో నాటువైద్యం చేసే ఆవిడ దగ్గరకు తీసుకెళ్లారు. ఆ మందులకు విరేచనాలై విరేచనాలై మనిషి సగమైంది. 1539 ఆగస్టులో స్పృహ తప్పింది. నాలుగు రోజులు కదలిక లేదు. మఠంలో సమాధి తవ్వి సిద్ధంగా ఉంచారు. చనిపోయినవాళ్లకు పెట్టినట్టు కళ్లమీద మైనం కూడా వేశారు. తండ్రి ఒక్కడే, నా బిడ్డ చావలేదని మొండికేసి పాతిపెట్టనివ్వలేదు. నాలుగో రోజు కళ్లు తెరిచింది. రెప్పలకు ఆ మైనం అంటుకునే ఉంది!

ప్రాణమైతే దక్కింది గానీ దాదాపు మూడేళ్లు కాళ్లూ చేతులూ స్వాధీనంలో లేవు. దుప్పటి పట్టుకుని ఎత్తితే తప్ప కదల్లేదు. చేతులూ మోకాళ్ల మీద పాకగలిగిన రోజున పండగలా సంతోషించింది.

ఇంత జరిగాక మనిషి పూర్తిగా దేవుడి వైపు తిరిగిపోయి ఉంటుందనుకుంటాం కదూ? అలా జరగలేదు. నాకు తెరేసా దగ్గరగా అనిపించేది ఇక్కడే. లేచి తిరగడం మొదలయ్యాక మళ్లీ కబుర్లు, చుట్టాలు, పలకరింపులు. ఆ మఠంలో ముందు ముందు రెండు వందలమంది దాకా ఉండేవాళ్లు. డబ్బున్న ఇళ్ల ఆడవాళ్లకు సొంత గదులు, పనిమనుషులు. లేనివాళ్లంతా ఒకే పెద్ద గదిలో. బయటి పెద్దమనుషులు వచ్చి సందర్శకుల గదిలో గంటల తరబడి మాట్లాడేవారు. తెరేసా మాటకారి. అందరికీ ఆవిడే కావాలి. ప్రార్థనకు కూర్చుంటే మనసు కుదిరేది కాదు. గంట ఎప్పుడు కొడతారా అని చెవులన్నీ అటే. తనలాంటిది ప్రార్థన చేయడమేమిటని సిగ్గుపడి, ఏడాదికి పైగా మౌనప్రార్థన మానేసింది కూడా. 1543లో తండ్రి చనిపోయాక, ఆయన దగ్గరున్న గురువు నచ్చజెప్పి మళ్లీ మొదలుపెట్టించాడు. ఇటు దేవుడు, అటు లోకం. రెంటిమధ్యా నలిగి దాదాపు ఇరవయ్యేళ్లు గడిచిపోయాయి.

గాయాల స్వరూపం ముందు

1554. తెరేసాకు 39 ఏళ్లు. ఏదో పండగకోసం మఠంలోకి ఒక స్వరూపాన్ని తెచ్చిపెట్టారు. కొరడా దెబ్బలు తిని, ఒళ్లంతా గాయాలైన యేసు స్వరూపం. రోజూ వెళ్లే దారే, రోజూ చూసే గదే. ఆ పూట మాత్రం ఆ గాయాలు చూడగానే గుండె పగిలినంత పనయింది. ఈ మనిషి నాకోసం ఇంత పడ్డాడు, నేనేమిచ్చాను అని అక్కడే కూలబడి ఏడ్చింది. నువ్వు నాకు బలం ఇచ్చేదాకా ఇక్కణ్ణుంచి లేవనని పట్టుబట్టింది. ఆ రోజుతో ఆవిడ జీవితం మలుపు తిరిగింది.

క్రైస్తవ విశ్వాసంలో యేసు శ్రమలకు ఉన్న చోటు ఎలాంటిదో తెలిస్తే ఈ కన్నీళ్లు అర్థమవుతాయి. మనుషుల పాపాలను దేవుడి కుమారుడే తన మీద వేసుకుని సిలువపై ప్రాణమిచ్చాడని వాళ్ల నమ్మకం. అందుకే గుడ్‌ఫ్రైడే నాడు మన ఊళ్ల చర్చిల్లోనూ ఆయన సిలువపై పలికిన ఏడు మాటల గురించి గంటల తరబడి ప్రసంగాలు సాగుతాయి. వాటిలో ఐదోది దాహం గురించిన మాట. బావి దగ్గర నీళ్లడిగినవాడే సిలువ మీదా దాహమన్నాడు. రెండు సంగతులూ ఉన్నది యోహాను సువార్తలోనే.

తెరేసా అన్నిటికన్నా ఎక్కువగా తలచుకున్నది గెత్సేమనే తోట. సిలువకు ముందు రాత్రి అది. యేసు భయంతో, వేదనతో ప్రార్థిస్తుంటే చెమట రక్తపు చుక్కల్లా నేలమీద పడిందని సువార్త చెబుతుంది. తోడుగా ఉండమన్న శిష్యులేమో నిద్రపోయారు. తెరేసా కన్యకాకముందు నుంచే రాత్రి పడుకునేముందు కాసేపు ఆ తోటలోకి మనసులో వెళ్లి కూర్చునేది. ఆ చెమట తుడవాలనిపించేది, కానీ తన పాపాలు గుర్తొచ్చి చెయ్యి చాచడానికి ధైర్యం చాలేది కాదు. అయినా అక్కడే ఉండేది.

అలా ఎందుకంటే, ఆవిడ చెప్పిన కారణం నాకు చాలా ముచ్చటగా అనిపిస్తుంది. ఆయన ఒంటరిగా, దుఃఖంలో ఉన్నప్పుడైతే నాలాంటిదాన్ని కూడా పొమ్మనడు కదా అనుకుందట! మన ఇళ్లలో చూడండి. పెళ్లిపందిట్లో ఉన్న గొప్పింటివాళ్లను పలకరించడానికి జంకుతాం. అదే ఇంట్లో ఎవరికైనా కష్టమొస్తే పిలవకపోయినా వెళ్లి పక్కన కూర్చుంటాం. ఆ చొరవతోనే తెరేసా దేవుడి దగ్గరకు వెళ్లింది. సింహాసనం మీదున్న రాజు దగ్గర నిలబడలేనని, తోటలో ఒంటరిగా ఉన్న స్నేహితుడికి తోడు వెళ్లింది. ప్రార్థనంటే మనను ప్రేమించే స్నేహితుడితో ఏకాంతంగా మాట్లాడుకోవడమే అని తర్వాత ఆవిడ ఎందరికో నేర్పింది.

ధ్యానంలో పైమెట్టు ఎక్కాక యేసు దేహాన్నీ, బాధలనూ తలచుకోనక్కర్లేదని, నిరాకారంగానే ధ్యానించాలని ఆ రోజుల్లో కొందరు పండితులు చెప్పేవారు. తెరేసా వినయంగానే అయినా గట్టిగా కాదంది. మనం దేవదూతలం కాదు, ఒళ్లున్న మనుషులం. పనుల్లో, కష్టాల్లో, మనసు ఎండిపోయినప్పుడు, మనలాగే నొప్పి తెలిసిన దేవుడే మనకు తోడు అని ఆవిడ వాదన.

దేవుడా, దెయ్యమా?

ఆ తర్వాత ప్రార్థనలో ఆవిడకు దర్శనాలు మొదలయ్యాయి. సంతోషం కన్నా భయమే ముందు కలిగింది. అవిలాలోని పెద్దలు, గురువులు విని ఇది దెయ్యం పనే అన్నారు. ఆడది, పైగా చదువుకున్న పండితురాలు కాదు. ఆడవాళ్లు ధ్యానం, దర్శనం అంటే చాలు అనుమానంగా చూసే కాలమది. దర్శనం కనబడితే వేళ్ల మధ్య బొటనవేలు దూర్చి వెక్కిరింపు సైగ చెయ్యమని ఒక గురువు ఆజ్ఞాపించాడు. ఆవిడ చేసింది! ఒకవైపు ఏడుస్తూ, నన్ను క్షమించు, పెద్దల మాట వినాలి కదా అని ప్రభువుకు చెప్పుకుంటూ చేసింది. ఆ ప్రభువు పడ్డ అవమానాలు గుర్తొచ్చి ఇంకా బాధపడింది. 1560లో అల్కంతరా పేతురు అనే పేరున్న తపస్వి వచ్చి, ఇవన్నీ దేవుడివేనని చెప్పాకే కాస్త ఊపిరి పీల్చుకుంది.

ఒక దేవదూత నిప్పుముల్లున్న బాణంతో తన గుండెను పొడిచినట్టూ, ఆ నొప్పి భరించలేనిదైనా పోవద్దనిపించేంత తియ్యగా ఉన్నట్టూ రాసుకున్న అనుభవం ఆ రోజుల్లోదే. దాన్నే బెర్నీని అనే శిల్పి పాలరాతిలో మలిచాడు. 1652లో పూర్తయిన ఆ శిల్పం రోమ్ నగరంలోని సాంతా మరియా దెల్లా విత్తోరియా చర్చిలో ఉంది. ఆ ఒక్క శిల్పంతోనే ఆవిడను గుర్తుపెట్టుకునేవాళ్లు ఎక్కువ. ఆవిడకేమో దర్శనాలు వచ్చినవాళ్లంతా గొప్పవాళ్లని నమ్మకమే లేదు.

1559లో మరో దెబ్బ. స్పానిష్ భాషలో ఉన్న ఎన్నో భక్తి పుస్తకాలను ఇంక్విజిషన్ నిషేధించింది. లాటిన్ వచ్చిన మగవాళ్లకు నష్టం లేదు. లాటిన్ రాని ఆడవాళ్ల సంగతేమిటి? తెరేసా ఎంతో బాధపడింది. బాధపడకు, నేనే నీకు జీవమున్న పుస్తకాన్ని ఇస్తానని ప్రభువు తనతో అన్నట్టు ఆవిడకు వినిపించింది. అప్పట్నుంచి పుస్తకం లేని ఆడవాళ్లకోసం తనే కలం పట్టింది!

చేద నీళ్ల నుంచి వాన నీళ్ల దాకా

గురువులు అడిగితే రాసిన 'జీవితం' ఆవిడ మొదటి పెద్ద పుస్తకం. అందులో ప్రార్థన గురించి చెప్పడానికి ఆవిడ ఎంచుకున్నది మళ్లీ నీళ్లే. మనసు ఒక తోట అనుకోండి. ఆ తోటకు నీళ్లు పెట్టడానికి నాలుగు దారులున్నాయి.

మొదటిది, బావిలోంచి చేదతో తోడటం. చేతులు బొబ్బలెక్కుతాయి, తడిసేది కొంచెమే. ప్రార్థన మొదలుపెట్టినవాళ్ల సంగతి ఇంతే. ఒక్కోసారి బావే ఎండిపోయి ఉంటుంది! రెండోది, కడవలు కట్టిన చక్రం తిప్పి నీళ్లు పైకి తేవడం. కష్టం తగ్గుతుంది, నీళ్లు పెరుగుతాయి. మూడోది, కాలువ. నీళ్లు వాటంతటవే పారతాయి, మనం మళ్లు చూసుకుంటే చాలు. నాలుగోది వాన. ఇక మన చేతిలో ఏమీ లేదు. పైవాడు కురిపించాలి, తోట తడవాలి.

మడికి నీళ్లు కట్టడం చూసిన మన పల్లెటూరి ఆడవాళ్లకు ఇంతకన్నా విడమరిచి చెప్పాలా? అయితే ఆవిడ పట్టుబట్టి చెప్పేది మొదటి దారి గురించే. వాన కోసం చూస్తూ కూర్చోవద్దు. బావి ఎండినా చేద వెయ్యడం మానొద్దు. సిలువ మోసే ప్రభువుకు తోడుగా నడుస్తున్నామనుకుని ఎండిన రోజుల్లోనూ అక్కడే ఉండాలి. ఇరవయ్యేళ్లు ఖాళీ చేద పైకి లాగిన మనిషి మాట కనుక దానికి విలువ.

పదమూడు మంది ఇల్లు

1560లో ఒక సాయంత్రం తెరేసా గదిలో నలుగురు ఆడవాళ్లు కూర్చుని మాట్లాడుకుంటుంటే, పూర్వపు మునుల్లా చిన్న మఠం ఒకటి పెట్టుకుంటే ఎలా ఉంటుందన్న మాట వచ్చింది. ఆవిడ అన్న కూతురి వరసయ్యే అమ్మాయి ఒకతి, నేను వెయ్యి బంగారు నాణేలు ఇస్తానంది. చెల్లెలూ మరిదీ తమకోసమన్నట్టు ఒక చిన్న ఇల్లు కొన్నారు. దక్షిణ అమెరికాలో ఉన్న తమ్ముడు లొరెంజో డబ్బు పంపాడు. 1562 ఆగస్టు 24న, నలుగురు పేద అమ్మాయిలతో సెయింట్ జోసెఫ్ మఠం మొదలైంది. వాళ్లు కట్నం తేలేదు. అప్పట్లో మఠంలో చేరాలన్నా కట్నం తేవాలి మరి!

ఊళ్లో గోల గోల. జీతం, మాన్యం ఏమీ లేని మఠాన్ని ఎవరు పోషిస్తారని నగర పెద్దలు సభ పెట్టారు, దావా వేశారు. తెరేసాను పాత మఠానికి వెనక్కి పిలిపించి సంజాయిషీ అడిగారు. నెలల తరబడి ఆ గొడవ నడిచింది. చివరికి నిలిచింది.

ఆ ఇంట్లో మొదట పెట్టుకున్న లెక్క పదమూడు మంది. తర్వాత్తర్వాత కొద్దిగా పెంచారు. వంశం పేరు, పెద్దింటి బిరుదులు గుమ్మం బయటే వదిలెయ్యాలి. ఎవరి వంతు వచ్చినప్పుడు వాళ్లు వంట చెయ్యాలి, ఊడవాలి. మఠాధిపతి అయినా సరే. నూలు వడికి, కుట్టుపని చేసి బతకాలి. కాళ్లకు తోలు జోళ్లకు బదులు నార చెప్పులు. మౌనం ఎంత ముఖ్యమో, రోజూ కలిసి కూర్చుని నవ్వుకోవడమూ అంతే ముఖ్యం. పండగ రోజుల్లో తెరేసా స్వయంగా చిన్న డప్పు వాయించి పాడించేది. తాతగారిని వంశం పేరు చెప్పి ఊరేగించిన దేశంలో, వంశం అడగని ఇల్లు కట్టింది మనవరాలు. ఇంతకన్నా ఏం కావాలి!

ఆ సోదరీమణుల కోసమే 'పరిపూర్ణతా మార్గం' అనే పుస్తకం రాసింది. యేసు ఆడవాళ్లను ఎప్పుడూ చిన్నచూపు చూడలేదనీ, మగవాళ్లతో సమానమైన ప్రేమ, వాళ్లకన్నా ఎక్కువ విశ్వాసం ఆడవాళ్లలోనే చూశాడనీ మొదటి ప్రతిలో రాసింది. లోకంలో తీర్పరులంతా మగవాళ్లే కాబట్టి ఆడవాళ్ల మంచితనాన్ని కూడా శంకిస్తారని వాపోయింది. తనిఖీ చేసిన పండితుడు ఆ భాగాన్ని కొట్టేశాడు. రెండోసారి రాసిన ప్రతిలో అది లేదు. అయినా కొట్టేసిన మొదటి ప్రతి మిగిలింది. అందుకే ఇవాళ మనం దాన్ని చదవగలుగుతున్నాం. సిలువ దగ్గర చివరిదాకా నిలబడ్డవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లేనని సువార్తలు చెబుతున్నాయి. తెరేసా ధైర్యం అక్కణ్ణుంచే వచ్చి ఉంటుందని నా నమ్మకం.

బళ్లమీద పదిహేనేళ్లు

52 ఏళ్లప్పుడు, 1567లో, రెండో మఠం కోసం మెదీనా దెల్ కాంపో బయల్దేరింది. అక్కడే పొట్టిగా ఉన్న ఒక పాతికేళ్ల గురువును కలిసింది. ఆయనే తర్వాత సిలువ యోహానుగా పేరుపొందిన కవి. మగవాళ్ల మఠాల్లో ఇదే మార్పు తేవడానికి ఆయనను ఒప్పించింది. అక్కణ్ణుంచి ఇక ఆగలేదు. కంచరగాడిదలు లాగే బండికి చుట్టూ గుడ్డ కట్టించి, ఎండలో, మంచులో, వరదల్లో స్పెయిన్ అంతా తిరిగింది. అవిలాతో కలిపి మొత్తం 17 మఠాలు. ఒంట్లో జ్వరం, తలనొప్పి, వాంతులు ఎప్పుడూ ఉండేవే. ఇళ్లు బేరమాడింది, దావాలు నడిపింది, అప్పులు తీర్చింది, వందల కొద్దీ ఉత్తరాలు రాసింది.

కష్టాలకు లెక్కే లేదు. ఎబోలి రాకుమారి అనే గొప్పింటావిడ పాస్త్రానాలో మఠం పెట్టించి, భర్త పోయాక తానే అందులో చేరి పెత్తనం చెయ్యబోయింది. తెరేసా 1574లో తన సోదరీమణులను రాత్రికి రాత్రే అక్కణ్ణుంచి తరలించేసింది. 'జీవితం' పుస్తకం ఇంక్విజిషన్ చేతికి పోయింది. తెరేసా బతికుండగా తిరిగి రాలేదు. పోప్ ప్రతినిధి ఒకాయన, ఆడది మఠంలో కుదురుగా ఉండక ఊళ్లు తిరుగుతుందేమిటని తిట్టిపోశాడు. 1577 డిసెంబరులో సిలువ యోహానును ప్రత్యర్థులు పట్టుకెళ్లి టొలెడోలో చీకటి గదిలో పెట్టారు. ఆ క్రిస్మస్ ముందురోజే తెరేసా మెట్లమీంచి పడి ఎడమ చెయ్యి విరగ్గొట్టుకుంది. ఆ చెయ్యి మళ్లీ సరిగ్గా కుదరలేదు. ఇంత గొడవల్లోనూ అదే సంవత్సరం జూన్‌లో మొదలుపెట్టి నవంబరులోగా 'అంతరంగ కోట' అనే పుస్తకం పూర్తి చేసింది. మనిషి ఆత్మను స్ఫటికంతో కట్టిన కోటగా, లోపల ఏడు వరసల గదులుగా, నడిమి గదిలో దేవుడుగా చెప్పిన పుస్తకం అది.

ఆ ఏడో గది చేరినవాళ్లు ఏం చేస్తారు? కళ్లు మూసుకుని ఆనందంలో తేలిపోతారా? కాదంటుంది తెరేసా. పనిచేస్తారు! ప్రార్థనంతా పక్కవాళ్లకు మేలుగా మారాలి. యేసు పాదాల దగ్గర కూర్చుని మాటలు విన్న మరియ, వంటపనిలో సతమతమైన మార్త, ఇద్దరూ కలిస్తేనే ఆయనకు సరైన ఆతిథ్యమని ఆవిడ లెక్క. ప్రభువు వంటింట్లో గిన్నెల మధ్య కూడా తిరుగుతుంటాడని, వంట వంతు వచ్చిందని దిగులుపడొద్దని తన వాళ్లకు చెప్పింది. పూజగదిలో కూర్చునే తీరిక దొరకడం లేదని బాధపడే మన ఇల్లాళ్లకు ఈ మాట ఎంత ఊరట!

మరో సంగతి కూడా చెప్పాలి. శ్రమలు పడ్డ ప్రభువును అంతగా ప్రేమించిన మనిషి, ఒళ్లు హింసించుకోవడమే భక్తి అనలేదు. ఉపవాసాలు ఎక్కువై నీరసంతో తూలుతూ అదే ధ్యానమనుకునేవాళ్లను చూస్తే, బాగా తినిపించండి, నిద్రపోనివ్వండి అని మఠాధిపతులకు చెప్పేది. బాధను వెతుక్కుంటూ పోనక్కర్లేదు, పక్కవాళ్లను ప్రేమిస్తే చాలు, వచ్చే బాధ అదే వస్తుంది. ఆవిడ జీవితం మొత్తం నాకు చెప్పే మాట ఇదే.

చివరి బండి

1580లో పోప్ ఆమోదంతో తెరేసా మఠాలకు ప్రత్యేక విభాగం ఏర్పడింది. 1582లో బూర్గోస్‌లో ఆఖరి మఠం పెట్టి అవిలాకు తిరిగొస్తుంటే దారి మళ్లించారు. ఆల్బా ప్రభువుల కోడలు ప్రసవించబోతోంది, మీరు దగ్గరుంటే మంచిదని పైవాళ్ల ఆజ్ఞ. అప్పటికే ఆవిడ ఒంట్లో ఓపిక లేదు. దారిలో తినడానికి ఎండు అంజీరపళ్లు తప్ప ఏమీ దొరకలేదు. తీరా చేరేలోపే బిడ్డ పుట్టేసింది! మంచాన పడిన తెరేసాను చూసుకున్నది పల్లెటూరి నుంచి వచ్చిన సేవకురాలు, సెయింట్ బర్తొలొమ్యూ అన్నా. ఆవిడ చేతుల్లోనే 1582 అక్టోబరు 4 రాత్రి తెరేసా కన్నుమూసింది. వింతేమిటంటే, అదే రాత్రి కేలండరు మారింది. మర్నాడు 5 కాదు, 15. అందుకే ఆవిడ పండగ అక్టోబరు 15న చేస్తారు.

1588లో ఆవిడ పుస్తకాలు అచ్చయ్యాయి. 1622లో పునీతురాలిగా ప్రకటించారు. క్రైస్తవ సభకు గురుపీఠం లాంటి 'డాక్టర్' బిరుదు ఇమ్మని 1920ల్లో అడిగితే, ఆడమనిషి కావడమే అడ్డు వచ్చింది. 1970 సెప్టెంబరు 27న పోప్ ఆరవ పాల్ ఆ బిరుదు ఇచ్చారు. ఆ గౌరవం పొందిన మొదటి స్త్రీ తెరేసాయే. వారం రోజులకు సియెన్నా కతెరీనాకు, 1997లో లిసియో చిన్న తెరేసాకు, 2012లో హిల్డెగార్డ్‌కు అదే గౌరవం దక్కింది. ఏ పుస్తకాలు ఆడవాళ్లకు అక్కర్లేదన్నారో, అలాంటి పుస్తకాలు రాసిన ఆడమనిషే అందరికీ గురువైంది.

మదర్ తెరెసా స్థాపించిన మఠాల్లో ప్రార్థన గదిలో సిలువ పక్కన యేసు దాహమన్న మాట రాసి ఉంటుంది. కుష్ఠురోగి నోట్లో నీళ్లు పోస్తే ఆ దాహం తీర్చినట్టేనని వాళ్ల విశ్వాసం. పెద్ద తెరేసా తెలుసుకున్నదీ అదే. బావి దగ్గర తనకు నీళ్లు కావాలని అడగడం మొదలుపెట్టిన పిల్ల, పెద్దయ్యేసరికి నీళ్లడిగినవాడి దాహమే తన దాహమనుకుంది. ఆ తర్వాత ఆవిడకు తీరిక లేదు. ఎక్కడ ఎవరు ఒంటరిగా ఉన్నారో చూసుకుంటూ, ముసలితనంలో కూడా బండి కట్టించుకుని బయల్దేరుతూనే ఉంది.